పక్షులకు వరికుచ్చు: కోతయంత్రము దిగకముందే కోసికొనవలసినది

నిజాంసాగరు కాలువక్రింద యాసంగి వరికోతలు రాష్ట్రమందలి యితర ప్రాంతములకంటె ముందుగనే మొదలగును. నస్రుల్లాబాదు, బీర్కూరు, వర్ని, బాన్సువాడ పొలములలో వెన్ను పసుపువన్నె దాల్చుటయే తడవుగ కోతయంత్రములు దిగును. యంత్రము మడిలో తిరిగిపోయిన తరువాత ధాన్యము ట్రాక్టరులోనికి, నలిగిన గడ్డి నేలమీదికి చేరును. కాడతోగూడిన నిండుకంకి యొకటి కావలెనన్నను ఆ మడిలో దొరకదు. ఈ మాసము మేము వ్రాయుచున్న చిన్న విషయమునకు కావలసిన వస్తువు ఆ కంకియే. కావున కోతకు ముందుగనే దీనిని చదువవలసినదిగ సభ్యులను కోరుచున్నాము.

విషయము పెరటిపక్షులకు మేత యమర్చుట. పట్టణములలో దీనికై ప్లాస్టిక్ గొట్టములును తీగజాలి పెట్టెలును అమ్ముచున్నారు. అట్టి గొట్టము నొకదానిని కొనితెచ్చి గుమ్మమున వ్రేలగట్టిన రైతు యిల్లొకటి మేము చూచితిమి. అందలి జొన్నలు తేమకు ముక్కిపోయి యుండెను. పిచ్చుక యొక్కటియు దానిపై వ్రాలలేదు. మనకు ఆ ఖర్చు అనవసరము. మన పెద్దలు పైసా వ్యయములేకుండ చేసికొన్న మేతపాత్ర యొకటి కలదు. అందు పాత్రయు మేతయు రెండును ఒక్కటే. అదియే వరికుచ్చు.

ఈ ప్రాంతపువారు వరికంకిని గొలుసు అందురు. కొత్తపంట చేతికి వచ్చినప్పుడు గొలుసులను పిడికెడేసి కట్టగట్టి చూరున వ్రేలగట్టుట మన యిండ్ల పాతవాడుక. 1931లో నిజాంసాగరు నిర్మాణము పూర్తియైన కాలమున కోస్తా జిల్లాలనుండి వచ్చి కాలువల పొడుగున క్యాంపులు కట్టుకొని స్థిరపడిన రైతులు తమతోగూడ అల్లిక కుచ్చును తెచ్చిరి. అది పైన సన్నముగ, క్రింద విప్పారి, గుడిగంటవలె నుండును. క్యాంపులలో ముసలివారు కొందఱు దానిని నేటికిని చూడకుండనే అల్లగలరు. వారి మనుమలకు రాదు. ఈ యాచారము మన దేశమునకే పరిమితము కాదు. మేము మిషను పాఠశాలలో చదువుకొను దినములలో, మంచుకప్పిన పెరటిలో గుంజకు కట్టిన ధాన్యపు పన మీద పిట్టలు మూగియున్న బొమ్మకార్డు ఒకటి గోడకు తగిలించి యుండెడిది. నార్వే, స్వీడను దేశములలో క్రిస్మసు పండుగకు ఓట్స్ కంకుల పనను పక్షులకొఱకు నిలిపెడి వాడుక కలదని తరువాత తెలిసికొంటిమి. ఆ బొమ్మను చూచినపుడు మాకు మా నాయనమ్మ యింటి చూరే జ్ఞప్తికి వచ్చెడిది.

ఈ కుచ్చు మన యిండ్లనుండి పోయినది భక్తి తగ్గుటచే గాని దయ తగ్గుటచే గాని కాదని మా యభిప్రాయము. కొడవలితో కోసినపుడు పన చేతికి వచ్చెడిది. పనలు కుప్పయై, కుప్ప కల్లమునకు వచ్చి, కల్లము నుండి నాలుగు గొలుసులు ఇల్లాలి చేతిలో పడెడివి. యంత్రము వచ్చినంతనే పన పోయినది, కుప్ప పోయినది, కల్లము పోయినది. ధాన్యము పొలమునుండియే కొనుగోలు కేంద్రమునకు పోవుచున్నది. కల్లములో రాలిన గింజలు ఏఱుకొని బ్రదికెడి పిట్టకు ఆ గింజయు లేదు. యంత్రము వెనుక మడిలో రాలిన గింజ మిగులునందురేని, మనలో ననేకులు వారము తిరుగకముందే కొయ్యకాళ్లకు నిప్పు పెట్టుచున్నారు. ఆ మంటలో గింజయు పురుగుయు కలిసి కాలును. దీనికి తోడు గూనపెంకుల కప్పులు పోయి స్లాబులు వచ్చినవి. పెంకుసందున గూడుపెట్టు ఊరపిచ్చుకకు నున్నని సిమెంటు గోడలో చోటెక్కడిది?

పిచ్చుకలు దేశమంతట నశించిపోయినవని పత్రికలలో తఱుచుగ వ్రాయుచుందురు. అంతమాట నిజము కాదు. భారతదేశ పక్షుల స్థితినిగూర్చి 2020లో వెలువడిన నివేదికలో, దేశము మొత్తముమీద ఊరపిచ్చుకల సంఖ్య గడచిన ఇరువదియైదేండ్లలో ఇంచుమించు నిలుకడగానే యున్నదనియు, పెద్ద నగరములలో మాత్రము తగ్గినదనియు తేల్చిరి. సెల్‌ఫోను స్తంభములే వానిని చంపినవను మాటకును తగిన ఋజువు లేదు. కావున భయపడి చేయవలసిన పని కాదిది. పల్లెలో నింకను పిచ్చుక యున్నది. ఉన్నప్పుడే దానికి చూరు చూపవలెనని మాత్రమే మేము చెప్పుట.

ఇక సభ్యులు తప్పక వేయు ప్రశ్న యొకటి యున్నది. ఈ పనిమీద మేము మాటలాడిన ప్రతి గ్రామములోను ఎవరో యొకరు దానిని వేసియే యున్నారు. “జొన్నచేనిలో మంచెవేసి వడిసెలతో తఱిమిన పిట్టకు ఇంటికి పిలిచి మేత పెట్టుమందురా?” అని. న్యాయమైన ప్రశ్నయే. పాలుపోసికొను గింజమీద పిచ్చుకలును, జీనువాయిలును, రామచిలుకలును చేయు నష్టము మేమెఱుగనిది కాదు. దానిని కాదనువాడు చేను చూచినవాడు కాడు. కాని లెక్కలో రెండవవైపు కూడ చూడవలెను. పెద్దపిచ్చుక గింజ తినును; దాని గూటిలోని పిల్ల మాత్రము గింజ తినలేదు. కండ్లు తెఱవని పిల్లలకు తల్లియు తండ్రియు మొదటి దినములలో తెచ్చిపెట్టునది మెత్తని పురుగులు, లద్దెపురుగులు, పేనుబంక, చిన్న మిడుతలు. గూటిలో మూడు మొదలు అయిదు వఱకు పిల్లలుండును. రెండు వారములపాటు తెల్లవాఱినది మొదలు ప్రొద్దుగ్రుంకువఱకు ఆ జంట పురుగులకై తిరుగుచునే యుండును. ఏ పక్షి ఏమి తినుచున్నదో తెలిసికొనుటకై బీహారులోని పూసా పరిశోధనాలయమున మేసన్, మాక్స్‌వెల్ లెఫ్రాయ్ అనువారు పక్షుల కడుపులు కోసి చూచి, ఆ ఫలితములను 1912లోనే గ్రంథముగ ప్రకటించిరి. మన నిజాము రాజ్యమున 1931-32లో సాలిం అలీ గ్రామగ్రామము తిరిగి పక్షుల సర్వే చేసెను. ఈ విచారణ కొత్తది కాదు.

లెక్కలో ఒకవైపే చూచిన ఫలితము చీనాదేశమున కనబడినది. 1958లో అచ్చటి ప్రభుత్వము పిచ్చుకను ధాన్యపుదొంగగ నెంచి, ఎలుక, ఈగ, దోమలతో సమానముగ నిర్మూలింప నాజ్ఞాపించెను. జనులు పళ్లెములు మ్రోయించుచు వానిని వ్రాలనీయక, అలసి నేలబడి చచ్చువఱకు తఱిమిరి. తరువాత పంటలపై మిడుతలును పురుగులును పెచ్చుపెరిగినవి. 1960లో ఆ జాబితానుండి పిచ్చుకను తీసివేసి దాని స్థానమున నల్లిని చేర్చిరి. అప్పటి కఱవునకు వేఱు కారణములును పెక్కు గలవు. పిచ్చుకల హత్య అందొకటి. పిచ్చుకపై బ్రహ్మాస్త్రమని మన సామెత. బ్రహ్మాస్త్రము వేసినవానికే తగిలిన సందర్భమిది.

అయినను కుచ్చు కట్టినవారికి ఎకరమునకు ఇన్ని బస్తాలు ఎక్కువ పండునని మేము చెప్పము. అట్లు చెప్పువారిని నమ్మవలదు. కుచ్చువలన పోవునది ఎంతయో మాత్రము చెప్పగలము. మంచి కుచ్చునకు 200 కంకులు చాలును. కంకికి నూఱు, నూటయేబది గింజలుండును. 200 కంకులలో సుమారు అరకిలో ధాన్యము. దుబ్బునకు పదేసి కంకులచొప్పున ఇరువది దుబ్బులు కోసిన సరి. చదరపు మీటరునకు 33 దుబ్బులు నాటిన మడిలో ఇది చదరపు మీటరైనను కాదు. ఎకరములో నట్టి చదరపు మీటరులు నాలుగువేలకు పైగా గలవు. యంత్రము మూలలు తిరుగునప్పుడు త్రొక్కివేయు వరి ఇంతకు ఎన్నో రెట్లు.

ఇక కోయవలసిన వరి. ఇచ్చట మేము మిక్కిలి గట్టిగ చెప్పవలసియున్నది; మా తప్పును గూడ చెప్పవలసియున్నది. ఉద్యోగమున ప్రవేశించిన తొలియేండ్లలో మా యింట మిగిలిన మొక్కజొన్న విత్తనము సేరెడు పాడుచేయుటకు మనసొప్పక, ఎఱ్ఱరంగు పోవువఱకు రెండుమార్లు కడిగి, నలుగగొట్టి, కొబ్బరిచిప్పలో పోసి జామచెట్టునకు వ్రేలగట్టితిమి. అది చీడమందు పట్టించిన విత్తనము. మఱునాటి యుదయమున చెట్టుక్రింద మూడు పిచ్చుకలును ఒక గువ్వయు పడియున్నవి. గువ్వకు ప్రాణమున్నది గాని మెడ నిలుపలేకపోయినది; మధ్యాహ్నమునకు అదియు పోయెను. విత్తనమునకు మందు పట్టించు విధమును ఊరూరను నేర్పుచున్నవారము మేమే. రంగు కడిగిన విషము పోదని తెలియవలసినవారమును మేమే. ఈ జాతి మందు పట్టించిన మొక్కజొన్నగింజ యొక్కటి చాలును ఒక చిన్న పిట్టను చంపుటకని అమెరికాలోని పక్షిశాస్త్రజ్ఞులు 2013లో ప్రకటించిరి. నాటినుండి మిగిలిన మందువిత్తనమును మేము లోతుగ గుంటతీసి పూడ్పించుచున్నాము.

కావున కుచ్చునకు వలసిన వరిని కోతకు నెలదినముల ముందే గుర్తుంచుకొనవలెను. కాలువగట్టువైపుగాని బావివైపుగాని ఒక మూల నిర్ణయించి, నాలుగు పుల్లలు పాతి, వెన్ను పైకి వచ్చినది మొదలు అచ్చట ఏ మందును చల్లకుండ విడువవలెను. ప్రక్కమడిలో చల్లునప్పుడు గాలి అటు వీచకుండ చూచుకొనవలెను. గుళికలమందు వేసిన మడిని విడుచుటయే మంచిది. ఆ మూలకు రెండుమూడు కుచ్చుల వరి సరిపోవును. తాము వరి పండింపనివారు ఇరుగుపొరుగువారి నడిగి తెచ్చుకొనవచ్చును; ఇట్టిదానికి ఎవరును కాదనరు.

గింజలలో నూటికి ఎనుబది పండి తక్కినవి పచ్చివాసన మీదనున్నప్పుడు కోయవలెను. పూర్తిగ పండనిచ్చినచో అల్లునప్పుడే గింజ రాలును. మంచు ఆఱిన తరువాత, ఎండ ముదరకముందు, కంకిక్రింద మూరెడు కాడ వచ్చునట్లు కొడవలితో కోసి, ఆకులు తీసివేసి, నీడలో మూడు దినములు తలక్రిందుగ వ్రేలగట్టవలెను. ఎండలో వేసిన కాడ పెళుసెక్కి విఱుగును. తేమయుండగనే కట్టినచో నడుమ బూజు పట్టును. అల్లుటకు ముందు కాడలపై నీళ్లు చిలుకరించి గోనెసంచి కప్పియుంచిన గడియసేపటికి అవి లొంగును.

అల్లిక రానివారు తేలిక పద్ధతిని చేయవచ్చును. ఇరువదేసి కంకులను పిడికిటపట్టి మెడవద్ద గోగునారతో బిగించిన పది పిడికిళ్లు సిద్ధపఱచుకొనవలెను. జానెడు వెదురుబద్దను వంచి చక్రముగ కట్టి, ఆఱు పిడికిళ్లను దానిచుట్టు తలక్రిందుగ కట్టవలెను. మిగిలిన నాలుగింటిని లోపల నడుమ కట్టినచో కుచ్చు నిండుగ నుండును. చక్రమునకు మూడువైపుల త్రాళ్లు పోసి పైన ముడివేయవలెను. ఆ వెదురుచక్రము పిచ్చుకకు కాలు నిలుపుకొను చోటు గూడ నగును. అల్లిక కుచ్చు చేయువారు మూడు కంకుల కాడలను కలిపి మొదలుపెట్టి, వరుసగ నొక్కొక్క కంకిని చేర్చుచు, దాని కాడను ముందటిదానిపైనుండి వంచి ప్రక్కదానిక్రింద దూర్చుచు గుండ్రముగ పోవుదురు. ఇది కాగితముపై నేర్పుటకు వీలుకానిది. మీ యూరిలో అల్లగలిగిన ముసలివారెవరైన నున్నచో పిల్లలను వారియొద్ద ఒక ప్రొద్దు కూర్చుండబెట్టుడు.

కుచ్చును వ్రేలగట్టుచోటు పిల్లికి అందనిదై యుండవలెను. నేలకు ఏడెనిమిదడుగుల యెత్తున, స్తంభమునకును గోడకును మూడడుగుల దూరముగ కట్టవలెను. వసారాలో విద్యుత్తు పంకా యున్నచో ఆ దరిని కట్టరాదు. తిరుగు ఱెక్కకు తగిలి పిట్ట చచ్చుట మేమెఱుగుదుము. వడ్లబస్తాలున్న గది ముందు కట్టరాదు. క్రిందరాలిన గింజకు ఎలుక వచ్చును, వచ్చిన యెలుక బస్తాను విడువదు. ప్రతిదినము క్రింద ఊడ్చివేయుటయు ఇందులకే. ఉడుతలు త్రాటివెంట దిగి కుచ్చును దులిపివేయుచున్నచో, పాత నూనెడబ్బా రేకును గొడుగువలె కత్తిరించి త్రాటికి గ్రుచ్చిన చాలును. కట్టిన మఱునాడే పిట్టలు రాలేదని నిరాశపడవలదు; మా యింట తొమ్మిదవ నాటికి గాని మొదటి పిచ్చుక వ్రాలలేదు.

వరి లేనివారు సజ్జకంకిని గాని జొన్నకంకిని గాని తోకతో కట్టవచ్చును. కొబ్బరిచిప్పకు అడుగున చిల్లు పొడిచి, మూడు త్రాళ్లతో వ్రేలగట్టి, నూకలో కొఱ్ఱలో పిడికెడు మాత్రమే పోయవలెను. చిల్లు లేనిచో వాననీరు నిలిచి గింజ పులియును. ఉప్పువేసిన అన్నము, మిగిలిన మిర్చి, బూజుపట్టిన రొట్టెముక్క పక్షికి పెట్టరాదు. చిప్పను వారమున కొకమారు వేడినీళ్లతో కడిగి యెండబెట్టవలెను. ఇది చాదస్తము కాదు. అనేక పక్షులు ఒక్క పాత్రలో ముక్కుపెట్టుచోట రోగము ప్రాకును. ఇంగ్లండులో 2005 తరువాత పెరటి మేతపాత్రలవద్ద గొంతురోగము వ్యాపించి పచ్చపిట్ట జాతియొకటి మిక్కిలి తగ్గిపోయినది. కంకికుచ్చున నీ భయము తక్కువ; గింజ పొట్టులోనే యుండును, ఎంగిలి కలియదు.

మేతకంటె ముందు నీరు. ఏప్రిలు, మే మాసములలో కాలువ కట్టివేసిన తరువాత మన యూళ్లలో పిట్టకు నీటిచుక్క దొరకుట కష్టము. వెడల్పాటి మట్టిమూకుడును నీడలో పెట్టి, రెండంగుళముల లోతుకు మించకుండ నీరుపోసి, నడుమ గరుకురాయి యొకటి వేయవలెను. నున్నని లోతుపాత్రలో పిట్ట మునిగిపోవును. నీటిని ప్రతి యుదయము పాఱబోసి మార్చనిచో దోమలను పెంచినవార మగుదుము.

కుచ్చు కట్టుటకు తగినకాలము మన పంటలనుబట్టి యేర్పడియే యున్నది. యాసంగి కోత ముగిసినది మొదలు వానకాలపు నారుమడి పోయువఱకు పొలములు బోడివి, అప్పుడు కట్టవలెను. చేను పాలుపోసికొను దినములలో, ఇల్లు చేనికి ఆనుకొని యున్నవారు కుచ్చును దింపివేసినను తప్పులేదు. ఆ కాలమున పక్షికి పురుగు దొరకును. పురుగు తిను పక్షిని చేనిలోనికే పిలుచుటకు వేఱు పద్ధతి కలదు. ఏట్రింతయు, పాలపిట్టయు గింజ ముట్టవు. ఎత్తున కూర్చుండి పురుగును చూచి దూకును. వానికొఱకు అడ్డకఱ్ఱ కట్టిన గుంజలను ఎకరమునకు పది మొదలు ఇరువది వఱకు పాతవలెను. వరిలో గింజ పాలుపట్టు సమయమునకు వానిని పీకివేయవలెను, లేనిచో వానిపై గింజపిట్టలు కూర్చుండును. కందిచేనిలో కాయతొలుచు పురుగు పడినపుడు పసుపు కలిపిన అన్నపు మెతుకులు చల్లి పక్షులను రప్పించు రైతులును గలరు. గోరింక అన్నమునకు వచ్చి పురుగును గూడ ఏఱుకొని పోవును.

గూటికి స్థలము కావలెనన్నవారు ఆఱంగుళముల వెడల్పు, తొమ్మిదంగుళముల యెత్తు గల చెక్కపెట్టెకు అంగుళమున్నర లోపు గుండ్రని కన్నము చేసి, ఎండ సూటిగ తగులనిచోట పదియడుగుల యెత్తున మేకువేసి తగిలింపవచ్చును. కన్నము పెద్దదైనచో గోరింక ఆక్రమించును. లోపల రంగు పూయరాదు.

సంఘమునకు కూడ మాదొక మనవి. కొనుగోలు కేంద్రమున ధాన్యమెత్తిన పిదప నేలమీద మట్టితో కలిసిన గింజలు బస్తాడైనను ఊడ్పులో పోవుచుండును. దానిని చెత్తలో కలుపక జల్లించి యొక సంచిలో నుంచినచో, వరి లేని సభ్యుల యిండ్లకు వేసవియంతయు చిప్పలకు చాలును. సంఘపు కార్యాలయపు వసారాలో ఈ యేడు ఒక కుచ్చు వ్రేలగట్టుటకు మేము ఇరువది దుబ్బుల వరి యిచ్చుటకు సిద్ధము. క్యాంపునుండి అల్లెడివా రొకరు వచ్చి అల్లుదుమని మాట యిచ్చినారు. చూడదలచినవారు ఆ దినమున రావచ్చును.

గింజలన్నియు తినివేసిన తరువాత ఉత్తకుచ్చును దింపి పాఱవేయుచుందురు. దానిని నెలదినములైన నట్లే యుంచుడు. పిచ్చుకలు ఆ కాడలను ఒక్కొక్కటిగ పీకి గూటికి మోసికొనిపోవును.